సైన్స్ ఫిక్షన్ పేర్లలో స్టార్, స్పేస్, ప్లానెట్ ఎందుకంత ఎక్కువ?

మీరడిగింది సైన్స్ ఫిక్షన్ పుస్తకం గానీ సినిమా గానీ ఏది పట్టుకున్నా పేరులో స్టార్, స్పేస్, గెలాక్సీ, ప్లానెట్ ఏదో ఒకటి తగులుతుంది, సైన్స్ అంటే అంతరిక్షం ఒక్కటేనా అని. చాలా ఏళ్లుగా ఇవే చదువుతూ అప్పుడప్పుడు తెలుగులో రాస్తూ ఉన్న మనిషిగా నాకు తెలిసింది చెప్తాను. చాలాసార్లు ఆ మాట కథలోంచి పుట్టదండీ, పబ్లిషరే పెడతాడు, లేదా పబ్లిషర్ ఎలాగూ అడుగుతాడని రైటరే ముందుగా పెట్టేసుకుంటాడు.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ మొదటి నవల చూడండి. షికాగోలో రిటైరైన ఒక దర్జీ రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఎత్తిన అడుగు దించేలోపు వేల ఏళ్ల తర్వాతి భూమ్మీద పడతాడు, అక్కడ అరవై దాటినవాళ్లని బతకనివ్వరు, ఈయనకేమో ఆల్రెడీ దాటేసింది. అందుకే అసిమోవ్ ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ పద్యంలో పాదం తీసుకుని 'గ్రో ఓల్డ్ విత్ మీ' అని పెట్టుకున్నాడు, నాతో పాటు ముసలివాడివి అవ్వు అని, ఆ కథకి అంతకంటే సరైన పేరు ఉంటుందా చెప్పండి. పబ్లిషర్ డబుల్‌డే వాళ్లకి అది సైన్స్ ఫిక్షన్ పేరులా అనిపించలేదు. 1950లో పుస్తకం 'పెబుల్ ఇన్ ది స్కై' అని వచ్చింది. తర్వాత అదే వరసలో 1951లో 'ది స్టార్స్, లైక్ డస్ట్', 1952లో 'ది కరెంట్స్ ఆఫ్ స్పేస్'. ఆకాశం, నక్షత్రాలు, అంతరిక్షం, మూడు పుస్తకాలకి మూడూ అయిపోయాయి. రెండోదాన్ని ఏస్ అనే చవక పేపర్‌బ్యాక్ కంపెనీ వేసినప్పుడు మళ్లీ పేరు మార్చి 'ది రెబెలియస్ స్టార్స్' అన్నారు, డస్ట్ పోయింది గానీ స్టార్స్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇది నాకు ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. నేను రాసిన ఒక కథ రైస్ మిల్లులో జరుగుతుంది. మా మామయ్యది తాడేపల్లిగూడెం దగ్గర మిల్లు, చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే, లారీ వచ్చి ఆగగానే బస్తాలోకి మొనదేలిన గొట్టం గుచ్చి గుప్పెడు ధాన్యం లాగేవాళ్లు, ముందు ఒక గింజ పంటికింద కొరికి చూసి తర్వాత మిగిలింది తేమ కొలిచే మిషన్లో పోసేవాళ్లు, తేమ 17 శాతం దాటిందా ఇక బేరం మొదలు, తెచ్చిన రైతు ఆ మిషన్ వైపే చూస్తూ నిలబడేవాడు. నా కథలో ఆ మిషన్ గింజలో తేమతో పాటు రైతు చేతి చెమట కూడా చదివి, ఇతనికి అప్పు ఎంత తొందర, ఎంత రేటుకి దిగుతాడు అన్నది మిల్లు ఓనర్‌కి చెప్పేస్తుంది. పేరు 'తేమ' అని పెట్టాను. ఒక వారపత్రిక తీసుకుంది, అచ్చయ్యాక చూస్తే పేరు 'నక్షత్ర నేత్రం', పక్కన వలయాలున్న గ్రహం బొమ్మ. కథలో నక్షత్రం లేదు, గ్రహం లేదు, అసలు రాత్రి సీనే లేదు.

ఫోన్ చేస్తే డెస్క్‌లో ఆయన చాలా మర్యాదగా చెప్పారు, తేమ అంటే రైతు కథ అనుకుని పేజీ తిప్పేస్తారండీ, సైన్స్ ఫిక్షన్ కోసం వెతుక్కునేవాడికి ఇది తనదని ఎలా తెలియాలి, మాకున్నది ఆ ఒక్క లైనే కదా అని. ఆ పేరు నాకు ఇప్పటికీ నచ్చదు, కానీ ఆయన చెప్పిన లెక్కలో నిజం ఉంది. ఆ లెక్కకి ఇంకో వైపు కూడా ఉంది, మామయ్యకి పత్రిక ఇస్తే పేరూ బొమ్మా చూసి పిల్లల కథలు కదరా అని పక్కన పెట్టేశాడు, మిల్లు కథ మామయ్యా అన్నాకే తెరిచి, కూర్చుని మొత్తం చదివాడు. కాబట్టి అలాంటి పేరు కొందర్ని పిలుస్తుంది, అసలు చదవాల్సిన కొందర్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

సరే, గుర్తుపట్టడానికే అయితే అంతరిక్షమే ఎందుకు, రోబో అనో కాలం అనో పెట్టొచ్చు కదా అంటారు. అవీ పెట్టారు, కాకపోతే అంతరిక్షానికి ఉన్న సుఖం బొమ్మ. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' మొదలుపెట్టాడు, పూర్తిగా సైన్స్ ఫిక్షన్ కథలకే అని అమెరికాలో వచ్చిన మొదటి పత్రిక, దాని మొదటి సంచిక అట్ట మీద ఫ్రాంక్ ఆర్. పాల్ వేసిన బొమ్మలో మంచు మీద జనం స్కేటింగ్ చేస్తుంటారు, వెనక ఆకాశం నిండా శనిగ్రహం. వలయాలతో సహా. అంటే నా కథ పక్కన వేసిన బొమ్మకి వయసు అంత అన్నమాట. డిటెక్టివ్, కౌబాయ్, ప్రేమకథల పత్రికలన్నీ ఒకే ర్యాక్‌లో కిక్కిరిసి ఉన్నప్పుడు దూరం నుంచే ఇది వేరే సరుకు అని చెప్పేసే బొమ్మ అది. తర్వాత పత్రికల పేర్లే అటు వెళ్లాయి, 1939లో 'ప్లానెట్ స్టోరీస్', 1950లో 'గెలాక్సీ'.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు కారణం కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి మ్యాపులో ఖాళీ జాగాలు దాదాపు అయిపోయాయి, ఎవరూ చూడని దీవి, అడవిలో దాక్కున్న రాజ్యం లాంటి సాహస కథలకి భూమ్మీద చోటు తగ్గిపోయింది, సరిగ్గా అప్పుడే పర్సివల్ లోవెల్ అనే అమెరికన్ ఖగోళ పరిశోధకుడు 1894లో అరిజోనాలో అబ్జర్వేటరీ కట్టించుకుని కుజుడి మీద కాలువలున్నాయి, తెలివైన జీవులే తవ్వారు అని గట్టిగా ప్రచారం చేశాడు. అది తప్పని తర్వాత తేలింది గానీ కథలు రాసేవాళ్లకి ఒక కొత్త దేశం దొరికేసింది. 1898లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ మార్షియన్లని, అంటే కుజుడి మీది జీవుల్ని, ఇంగ్లండ్‌లో దించాడు, 1912లో అమెరికన్ రచయిత బరోస్ తన హీరోని కుజుడి మీదకి పంపాడు. తెలియని చోటు అంటే పైనే అని అప్పుడు అలవాటైంది, ఇంకా పోలేదు.

చాలామంది అమెరికా రష్యా స్పేస్ రేస్ వల్ల ఇదంతా వచ్చిందంటారు. నేను ఒప్పుకోను. అమెరికన్ రచయిత హైన్‌లైన్ 1947 నుంచి 1958 దాకా స్క్రిబ్నర్స్ అనే పబ్లిషర్ కోసం కుర్రాళ్ల నవలలు 12 రాశాడు, పేర్లు వరసగా చదవండి: రాకెట్ షిప్ గెలీలియో, స్పేస్ కాడెట్, రెడ్ ప్లానెట్, ఫార్మర్ ఇన్ ది స్కై, బిట్వీన్ ప్లానెట్స్, ది రోలింగ్ స్టోన్స్, స్టార్‌మ్యాన్ జోన్స్, ది స్టార్ బీస్ట్, టనెల్ ఇన్ ది స్కై, టైమ్ ఫర్ ది స్టార్స్, సిటిజన్ ఆఫ్ ది గెలాక్సీ, హావ్ స్పేస్ సూట్ విల్ ట్రావెల్. 12లో ఒక్క 'రోలింగ్ స్టోన్స్' తప్ప అన్నింట్లో ఆకాశం ఉంది, ఆ ఒక్కదాన్నీ బ్రిటన్‌లో వేసినప్పుడు వదల్లేదు, 'స్పేస్ ఫ్యామిలీ స్టోన్' అని మార్చారు! రష్యా వాళ్ల మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబర్ 4న, ఈ పుస్తకాల్లో దాదాపు అన్నీ అప్పటికే అచ్చయిపోయాయి. స్పేస్ రేస్ ఆ మాటల్ని రోజూ పేపర్లో కనిపించేలా చేసింది, అంతవరకే.

బ్రిటన్ ప్రతిసారీ అలా చేసిందనీ కాదు. అమెరికన్ రచయిత ఆల్‌ఫ్రెడ్ బెస్టర్ నవల ఒకటి అక్కడ 1956లో ఇంగ్లీషు కవి బ్లేక్ పద్యం మీదుగా 'టైగర్! టైగర్!' అని వచ్చింది, అదే అమెరికాలో 'గెలాక్సీ' పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు 'ది స్టార్స్ మై డెస్టినేషన్' అయ్యింది. నాకైతే పులే నచ్చుతుంది, కక్షతో రగిలిపోయే మనిషి కథ అది.

పేరులో స్టార్ ఉంది కదా అని అంతరిక్షం ఉంటుందనీ నమ్మొద్దు. అమెరికన్ రచయిత్రి ఆండ్రీ నార్టన్ 1952లో రాసిన 'స్టార్ మ్యాన్స్ సన్' మొత్తం అణుయుద్ధం తర్వాత పాడుబడ్డ అమెరికాలో నడుస్తుంది, స్టార్ మెన్ అంటే ఆ శిథిలాల్లో తిరిగి పాత విజ్ఞానం వెతికే ఒక దళం పేరు.

ఈ పట్టు ఎప్పుడు సడలిందో చూడాలంటే అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ దగ్గరికి వెళ్లండి. 1966లో ఏస్ వాళ్లు ఆవిడవి వేసినవి 'రొకానన్స్ వరల్డ్', 'ప్లానెట్ ఆఫ్ ఎక్సైల్'. మూడేళ్లకి అదే ఏస్ నుంచి, అదే ఊహాలోకంలో, ఇంకో గ్రహం మీదే జరిగే నవల 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' అని వచ్చింది, ఎక్కడా గ్రహం ఊసు లేదు. ఫ్రాంక్ హెర్బర్ట్ నవల 'డ్యూన్' కూడా అంతే, పత్రికలో 1963లో సీరియల్ మొదలైనప్పుడు 'డ్యూన్ వరల్డ్', 1965లో పుస్తకమయ్యేసరికి వరల్డ్ పోయి 'డ్యూన్' మిగిలింది. పాఠకులు పెరిగి, ఇది సాహిత్యమే అని నమ్మే ఎడిటర్లు వచ్చాక ఆ బోర్డు అవసరం తగ్గింది. తగ్గింది అంటున్నాను, పోలేదు.

మన సినిమాల్లో మాత్రం నాకు ఇంకో గుర్తు కనిపిస్తోంది, అంకె. 1991లో 'ఆదిత్య 369', 2024లో 'కల్కి 2898 ఏడీ'. 2018లో వచ్చిన 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' అయితే అంతరిక్షం అని నేరుగా చెప్పి కూడా అంకె పక్కన పెట్టుకుంది. పేరు పురాణంలోంచో వాడుకలోంచో తీసుకుని పక్కన ఒక నంబర్ వేస్తే మన ప్రేక్షకుడికి ఇది సైన్స్ వ్యవహారం అని అందిపోతుంది, నక్షత్రం చేసే పనే అక్కడ అంకె చేస్తోంది. మీరూ రాసేవాళ్లైతే పేరు ఎడిటర్‌కి పంపేటప్పుడే, మార్చాల్సి వస్తే ఒక ఫోన్ చేయండి అని కింద ఒక లైన్ రాసి పంపండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, 'తేమ' పుస్తకంలోకి వచ్చినప్పుడు 'తేమ'గానే వచ్చింది.