సైటేషన్లు లెక్కపెట్టే ముందు

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కుంటూ ఇద్దరి ప్రొఫైళ్లు చూశాను. ఒకరిది ప్రాచీన డీఎన్‌ఏ, హెచ్-ఇండెక్స్ 41. ఇంకొకరు శిలాజాలు తవ్వే మనిషి, ఇన్నేళ్ల సర్వీసులోనూ 13 దాటలేదు. నాకేమో ఎముకలంటేనే ఇష్టం. మా ఫ్రెండ్సంతా ‘నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా, ఇంకా ఆలోచనేంటి’ అంటున్నారు. మీరేమంటారు మేడమ్?

జవాబు: మీ ఫ్రెండ్స్‌ని కాసేపు పక్కన పెట్టి, ముందు ఈ లెక్క ఎలా వేస్తారో చూడండి. సైటేషన్ అంటే ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ప్రస్తావించడం. ఒకాయన ఐదు పేపర్లకు వరసగా 25, 8, 5, 4, 3 సైటేషన్లు వచ్చాయనుకోండి. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నాయి కాబట్టి ఆయన హెచ్-ఇండెక్స్ 4. ఆ మొదటి 25 కాస్తా 25 వేలయినా అది 4 నుంచి కదలదు. 2005లో దీన్ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. జీవశాస్త్రాల్లో ఈ అంకెలు ఎక్కువగా ఉంటాయనీ, రంగాన్ని బట్టి ఇవి మారతాయనీ ఆ పేపర్లోనే చెప్పాడు. ఆ ముక్క ఎవరికీ పట్టలేదు.

జన్యుశాస్త్రంలో మనుషులెక్కువ, పేపర్లెక్కువ, ఒక్కో పేపర్‌కి రచయితలూ ఎక్కువే. ప్రాచీన డీఎన్‌ఏ పేపర్ అంటే పదుల కొద్దీ పేర్లుంటాయి. నా ప్రొఫైల్లో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్న పేపర్లో నా పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. దానికి నేను చేసిందల్లా కొన్ని శాంపిళ్ల సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరస చదవడం. అందుకే ఆ 41 వెనకున్న పేపర్లలో ఆయన మొదటి పేరుగా ఎన్నిట్లో ఉన్నారు, చివరి పేరుగా ఎన్నిట్లో ఉన్నారు చూడండి. మా రంగంలో ల్యాబ్‌లో స్వయంగా పని చేసినవాళ్ల పేరు ముందుంటుంది, ల్యాబ్ నడిపించేవాళ్లది చివరన.

శిలాజాల సంగతి వేరు. రాయిలోంచి ఎముకను ఊడదీసి శుభ్రం చేయడానికే ఏళ్లు పడుతుంది. తీరా పేపర్ వచ్చాక, ఆ జంతువు మీద పనిచేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. కానీ వాళ్లకు ఆ పేపర్ ఎప్పటికీ పాతబడదు. ట్రైసెరటాప్స్‌కి శిలాజ శాస్త్రవేత్త మార్ష్ ఆ పేరు పెట్టింది 1889లో, ఇవాళ కొమ్ముల డైనోసార్ మీద రాసేవాళ్లూ ఆయన దాకా వెళ్లాల్సిందే. జర్నళ్ల స్థాయిని కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మాత్రం అంతకు ముందు రెండేళ్లలో వచ్చిన పేపర్లకు దక్కిన సైటేషన్లనే లెక్కేస్తుంది! పైగా జాతి పేరు పక్కన ‘మార్ష్, 1889’ అని రాసి, చివర ఉండే రెఫరెన్సుల జాబితాలో ఆ పేపర్‌ను చేర్చకుండా వదిలేయడం మామూలే. జాబితాలో లేనిది మెషీన్ లెక్కలోకి రాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 1856లో జర్మనీలోని నియాండర్ లోయలో ఎముకలు దొరికాయి. 1864లో భూవిజ్ఞాని విలియం కింగ్ వాటికి హోమో నియాండర్తాలెన్సిస్ అని పేరు పెట్టాడు. ఆ ఎముకల్ని మ్యూజియంలో భద్రంగా దాచబట్టే, కుడి భుజం ఎముకలోంచి మూడున్నర గ్రాముల ముక్క కోసి జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం 1997లో మొదటిసారి నియాండర్తాల్ డీఎన్‌ఏ చదవగలిగింది. తర్వాత 2010లో జీనోమ్ ముసాయిదా, 2022లో పాబోకి నోబెల్. వేల సైటేషన్లు ఆ పేపర్లకి. వాటిని ఉటంకించిన పేపర్లు ఓ నాలుగు తీసి, చివరి జాబితాలో కింగ్ పేరుందేమో వెతకండి.

ఇంకో మాట. సైటేషన్ అంటే మెచ్చుకోలే అనుకోకండి. 1994లో అమెరికాలోని యూటా రాష్ట్రపు బొగ్గు గనిలో దొరికిన 8 కోట్ల ఏళ్ల నాటి ఎముక ముక్కల్లో డీఎన్‌ఏ దొరికిందని సైన్స్ పత్రికలో ఓ పేపర్ వచ్చింది. డైనోసార్‌దే కావచ్చని గోల గోల. మరుసటి ఏడాదికల్లా అది శాంపిల్‌లో కలిసిపోయిన మనిషి డీఎన్‌ఏ అని ఇతరులు తేల్చారు. ఆ తప్పు పట్టిన ప్రతి పేపరూ దాని ఖాతాలో ఒక సైటేషనే.

ఇక మీ సంగతి. ఆ 13 గారి పేపర్లు మూడు పూర్తిగా చదవండి. ఎముకల బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా, ప్రతి నమూనాకీ మ్యూజియం నంబరుందా చూడండి. ఆయన దగ్గర చదివినవాళ్లతో మాట్లాడండి, సకాలంలో పీహెచ్‌డీ అయ్యిందా, మొదటి పేరు వాళ్లకే ఇచ్చారా అడగండి. జవాబులు బాగుంటే నేనైతే ఆయన దగ్గరే చేరతాను.

ప్రశ్న: మెండెల్ ఇప్పుడుంటే హెచ్-ఇండెక్స్ ఎంతుండేది?

జవాబు: బఠాణీల పేపర్ 1866లో అచ్చయింది. 1900లో డి వ్రీస్, కోరెన్స్, చెర్మాక్ అనే వృక్షశాస్త్రవేత్తలు వెలికి తీసేదాకా దాన్ని ప్రస్తావించినవాళ్లు బహు కొద్దిమంది. ఆ ఒక్క పేపర్‌కి ఎన్ని లక్షలొచ్చినా ఇండెక్స్‌లో కలిసేది ఒకటే. ప్రమోషన్ ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చేది కాదు.

ప్రశ్న: సొంత పేపర్లను తామే సైట్ చేసుకోవడం మోసం కాదా?

జవాబు: ఒకే చోట ఇరవయ్యేళ్లు తవ్వినావిడ, అక్కడి పాత ఎముకల గురించి తన పేపర్ కాక ఇంకెవరిది చూపిస్తుంది? సందర్భం లేకుండా పది పేపర్లు వరసగా పేర్చితే మాత్రం అనుమానించండి. సైటేషన్లు లెక్కించే స్కోపస్ డేటాబేస్‌లో సొంత సైటేషన్లు తీసేసి చూసే వీలుంది, గూగుల్ స్కాలర్‌లో ఆ వీలు లేదు.