రష్యా షేర్లు చౌకగా దొరుకుతున్నాయంటే కొనొచ్చా?

ప్రశ్న: నేను కాకినాడలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. వయసు 47. మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడి ఎంఎస్ కోసం దాచిన 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వచ్చే నెల మెచ్యూర్ అవుతోంది. దుబాయ్‌లో ఉండే మా మరిది, 'వదినా, యుద్ధం ఆగి ఆంక్షలు ఎత్తేస్తే రష్యా షేర్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి. డబ్బు పంపు, ఇక్కడి బ్రోకర్ దగ్గర నా పేరు మీద కొంటాను' అంటున్నాడు. లాభం సంగతి ఎలా ఉన్నా, ఊళ్ల మీద బాంబులు వేస్తున్న దేశంలో డబ్బు పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఆ మాటంటే, 'మన ఆయిల్ కంపెనీలే అక్కడ చమురు కొంటుంటే నీ ఒక్కదాని పట్టింపుతో ఏమవుతుంది' అంటాడు. నా దగ్గర కొన్ని ఓఎన్‌జీసీ, డాక్టర్ రెడ్డీస్ షేర్లు, ఎమర్జింగ్ మార్కెట్స్ ఫండ్‌లో ఒక సిప్ ఉన్నాయి. వాటినీ అమ్మేయాలా?

జవాబు: టీచరు గారూ, ఆ 8 లక్షల్లో ఒక్క రూపాయి కూడా రష్యా షేర్లలో పెట్టకండి. మీ అబ్బాయి ఫీజు కట్టే తేదీ ముందే తెలిసిన డబ్బు అది. ఆంక్షలున్న దేశంలో పెట్టిన డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో ఏ బ్రోకరూ చెప్పలేడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. షేరు ధర పడిపోతే పడిన ధరకైనా అమ్ముకుని బయటపడొచ్చు. ఆంక్షలొస్తే ఇంట్లో సామాను ఉండగానే బయటి నుంచి తాళం పడుతుంది. ఆ తాళంచెవి మీ దగ్గరా ఉండదు, కంపెనీ దగ్గరా ఉండదు.

రష్యాలోనే అతి పెద్ద బ్యాంకు స్బెర్‌బ్యాంక్‌కు ఏం జరిగిందో చూడండి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది. యుద్ధానికి ముందు లండన్‌లో పది డాలర్ల పైన నడిచిన ఆ బ్యాంకు డిపాజిటరీ రసీదులు (సొంత దేశపు షేర్లకు బదులుగా విదేశీ మార్కెట్లో అమ్ముడయ్యే పత్రాలు) వారం తిరక్కుండానే ఒక సెంటుకు పడిపోయాయి. మార్చి 3న లండన్ ఎక్స్ఛేంజీ వాటి ట్రేడింగ్ ఆపేసింది. మాస్కోలో షేర్ మార్కెట్‌ను దాదాపు నెల రోజులు మూసేశారు. ఇంత జరిగినా ఆ బ్యాంకు మునిగిపోలేదు. 2023లో సుమారు 1.5 లక్షల కోట్ల రూబుళ్ల లాభం సంపాదించి, వాటాదారులకు డివిడెండ్ కూడా ఇచ్చింది. కానీ రష్యా 'స్నేహం లేని దేశాలు' అని ముద్ర వేసిన అమెరికా, యూరప్, బ్రిటన్, జపాన్‌ల మదుపరుల డబ్బు 'టైప్-సి' అనే ప్రత్యేక ఖాతాల్లో చిక్కుకుంది. డివిడెండ్ పడినా అనుమతి లేకుండా దేశం దాటదు. కంపెనీ బాగానే ఉంది, లాభాలూ బాగానే ఉన్నాయి, మదుపరి చేతికి మాత్రం ఏమీ రాలేదు. బ్యాలెన్స్ షీట్ చదివి ఈ ప్రమాదాన్ని పసిగట్టడం ఎవరి తరమూ కాదు.

ఇంతకుముందూ ఇలా జరిగింది. జార్ చక్రవర్తుల కాలంలో రష్యా అమ్మిన బాండ్లను ఫ్రాన్స్‌లో లక్షల కుటుంబాలు నమ్మి కొన్నాయి. 1918లో సోవియట్ ప్రభుత్వం ఆ అప్పులు తీర్చబోమని తేల్చేసింది. చివరికి 1990ల్లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి 400 మిలియన్ డాలర్లు వచ్చాయి. అసలు విలువతో పోలిస్తే అది చిల్లర. అప్పటికి కొన్నవాళ్లు కాదు, వాళ్ల మనవలు మిగిలారు. 'యుద్ధం ఆగగానే' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ బాండ్లే గుర్తొస్తాయి.

'మనం స్నేహ దేశం కదా, దుబాయ్ కూడా స్నేహ దేశమే' అని మీ మరిది గారు అనొచ్చు. నిజమే, రష్యా జాబితాలో భారత్, యూఏఈ లేవు. అయితే తాళం వేసేది ఒక్క రష్యానే కాదు. 2024 జూన్‌లో అమెరికా మాస్కో ఎక్స్ఛేంజీ మీదే ఆంక్షలు పెట్టింది, మర్నాటి నుంచి అక్కడ డాలర్, యూరో ట్రేడింగ్ ఆగిపోయింది. అంతకుముందే, 2023 డిసెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వుతో, రష్యా యుద్ధ పరిశ్రమకు తోడ్పడే ఏ దేశపు బ్యాంకునైనా అమెరికా డాలర్ వ్యవస్థ నుంచి వెలివేయొచ్చు. ఆ భయంతో యూఏఈ బ్యాంకులు కూడా రష్యా లావాదేవీలంటే జంకుతున్నాయి. దుబాయ్ బ్రోకర్ ఈ రోజు కొనిపెట్టినా, అమ్మాల్సిన రోజున ఆ డబ్బు తీసుకునే బ్యాంకు దొరకాలి కదా.

ప్రభుత్వ కంపెనీలకే ఇది తప్పలేదు. మీ దగ్గరున్న ఓఎన్‌జీసీనే తీసుకోండి. దాని విదేశీ విభాగానికి రష్యాలోని సఖాలిన్-1 చమురు క్షేత్రంలో 20 శాతం వాటా ఉంది. 2022 అక్టోబర్‌లో రష్యా ఆ ప్రాజెక్టును కొత్త కంపెనీ చేతిలో పెట్టి, పాత వాటాదారులు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలంది. మన కంపెనీ దరఖాస్తు చేసుకుని వాటా నిలబెట్టుకుంది. సైబీరియా క్షేత్రాల్లో వాటాలున్న మన ప్రభుత్వ చమురు సంస్థలకు డివిడెండ్లు వచ్చాయి, కానీ ఆ సొమ్ము మాస్కోలోని బ్యాంకు ఖాతాల్లోనే ఉండిపోయింది. భారత ప్రభుత్వం వెనకున్న సంస్థలకే ఇంత కష్టమైతే, మీ మరిది పేరు మీదున్న నాలుగు షేర్ల కోసం ఎవరు మాట్లాడతారు?

ఆయన పేరు మీద కొనడమన్నదీ నాకు నచ్చలేదు. చట్టం దృష్టిలో అవి ఆయన షేర్లే, మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. మీరిక్కడ రూపాయలు ఎవరికో ఇచ్చి, ఆయనక్కడ దిర్హమ్‌లతో కొంటే అది హవాలా. విదేశీ మారక చట్టం ఫెమాకు విరుద్ధం. సక్రమంగా పంపాలంటే బ్యాంకు ద్వారా ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతించిన పథకం) దారి ఉంది. అప్పుడు ఎందుకు పంపుతున్నారో రాసివ్వాలి, మీ పేరు మీద కొన్న విదేశీ ఆస్తిని ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో చూపాలి. మరిది గారు మీకు చెడు తలపెట్టారని నేను అనను. బంధుత్వం చెడకూడదనే ఈ లెక్క ఇద్దరూ కలిసి పెట్టుకోవద్దంటున్నాను.

ఇక మీ మనసు ఒప్పడం లేదన్న మాట. దాన్ని అమాయకత్వమని నేను కొట్టిపారేయను. యుద్ధం చేస్తున్న దేశం నుంచి తప్పుకోవడానికి పెద్ద కంపెనీలు ఎంత నష్టమైనా భరించాయి. రష్యా చమురు కంపెనీ రోస్‌నెఫ్ట్‌లోని 19.75 శాతం వాటా వదులుకుంటామని బ్రిటన్ చమురు కంపెనీ బీపీ దాడి మొదలైన మూడు రోజులకే ప్రకటించి, 24 బిలియన్ డాలర్లకు పైగా నష్టం రాసుకుంది. రష్యా కార్ల కంపెనీ అవ్‌తోవాజ్‌లోని తన వాటాను ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో ఒక్క రూబుల్‌కు ఇచ్చేసింది, ఆరేళ్లలోపు తిరిగి కొనుక్కునే హక్కు మాత్రం అట్టిపెట్టుకుంది. 1990లో మాస్కో పుష్కిన్ కూడలిలో కిలోమీటర్ల క్యూతో మొదలైన మెక్‌డొనాల్డ్స్, సుమారు 850 హోటళ్లు స్థానిక వ్యాపారికి అమ్మి వెళ్లిపోయింది. ఆలస్యం చేసినవాళ్ల గతి ఇంకా ఘోరం. 2023 జులైలో పాల ఉత్పత్తుల కంపెనీ డానోన్, బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్‌ల రష్యా వ్యాపారాలను అక్కడి ప్రభుత్వమే తన అధీనంలోకి తీసుకుంది. ఇప్పుడు అమ్ముకుని వెళ్లాలంటే విలువలో కనీసం 60 శాతం తగ్గించి అమ్మాలి, మీదుమిక్కిలి ఖజానాకు 35 శాతం చదివించుకోవాలి.

మీ ఒక్కరి వల్ల ఏమవుతుందంటే, నిజాయతీగా చెబుతాను. స్టాక్ మార్కెట్లో మీరు అమ్మిన షేరు ఇంకొకరు కొంటారు, కంపెనీ గల్లాపెట్టెలో పైసా తగ్గదు. దెబ్బ తగిలేది కొత్త డబ్బు ఆగినప్పుడు. 1985లో చేజ్ మన్‌హటన్ బ్యాంకు స్వల్పకాలిక అప్పులు ఇక పొడిగించనన్నాకే దక్షిణాఫ్రికాలోని జాతివివక్ష ప్రభుత్వానికి ఊపిరాడలేదు. ఆ దేశంతో 1946లోనే వ్యాపారం మానేసింది మన దేశం. అప్పుడూ 'మనమొక్కరం మానేస్తే ఏమవుతుంది' అన్నవాళ్లు ఉండే ఉంటారు. కాబట్టి కొత్తగా పెట్టబోయే 8 లక్షల విషయంలో మీ పట్టింపుకు విలువ ఉంది. మన రిఫైనరీలు చమురు కొంటున్నాయన్నదీ నిజమే. యుద్ధానికి ముందు 2 శాతం కూడా లేని రష్యా చమురు తర్వాత మన దిగుమతుల్లో మూడో వంతు దాటింది. దానికీ మూల్యం ఉంది. ఆ కొనుగోళ్లు సాకుగా 2025 ఆగస్టులో అమెరికా వేసిన అదనపు 25 శాతం సుంకం మీ చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఎలా పడిందో మీకే బాగా తెలుసు.

చేతిలో ఉన్నవాటికి వద్దాం. ఎమర్జింగ్ మార్కెట్స్ సిప్ కొనసాగించండి. 2022 మార్చి 9న, ఇలాంటి ఫండ్లు అనుసరించే సూచీని తయారుచేసే ఎంఎస్‌సీఐ సంస్థ తన సూచీ నుంచి రష్యా షేర్లను సున్నా విలువకు తీసేసింది. యుద్ధానికి ముందు ఆ సూచీలో రష్యా వాటా 3 శాతం పైచిలుకే కాబట్టి మిగతా ఫండ్ తట్టుకుంది. రష్యా మీదే పెట్టిన ఫండ్లవాళ్లు మాత్రం తుడిచిపెట్టుకుపోయారు. మీ ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో దేశాలవారీ పట్టిక ఒకసారి చూసుకుంటే చాలు.

రెడ్డీస్ ఉంచుకోండి. రష్యాలో ఏళ్లుగా మందులు అమ్ముతోంది, మందులను ఆంక్షల నుంచి మినహాయించారు. జబ్బు చేసిన మనిషికి మందు ఆపమని ఎవరూ అడగకూడదని నా అభిప్రాయం కూడా. రూబుల్ పడినప్పుడు కొన్ని త్రైమాసికాల్లో లాభం తగ్గొచ్చు, అంతే. ఓఎన్‌జీసీ ప్రధానంగా దేశంలో తీసే చమురు, గ్యాస్ మీద నడిచే కంపెనీ. రష్యా వాటా చిన్నది. అయినా మనసు కుదరకపోతే అమ్మేయండి, మీ ప్లాన్‌కు నష్టం లేదు. ఏడాది దాటిన షేర్లయితే ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల వరకు లాభం మీద పన్ను లేదు, ఆపై 12.5 శాతం. కాబట్టి లాభం ఎక్కువుంటే కొంత మార్చిలోపు, మిగతాది ఏప్రిల్‌లో అమ్మండి.

8 లక్షలను రెండు వేర్వేరు బ్యాంకుల్లో 4 లక్షల చొప్పున వేయండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుంది. మెచ్యూరిటీ తేదీ మొదటి సెమిస్టర్ ఫీజుకు రెండు నెలల ముందు పడేలా కాలం ఎంచుకోండి. ఇప్పటి ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే బ్యాంకు దానంతటదే పాత కాలానికే పొడిగించేస్తుంది. మెచ్యూరిటీకి వారం ముందే బ్రాంచికి వెళ్లి అది తీయించండి, నామినీ పేరు కూడా సరిచూసుకోండి.