అమ్మకు చెవి మిషను కొనే ముందు

చి.ల.సౌ. శైలజకు మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వస్తూ అమ్మకు కొత్త రకం చెవి మిషన్లు తెస్తున్నావని మీ అత్తయ్య చెప్పింది. డాలస్‌లో ఆఫీసు, పిల్లలు, ఇల్లు అన్నీ చూసుకుంటూ తల్లి చెవుల గురించి ఆలోచించావు, కడుపు నిండింది. వెంటనే భయం కూడా పట్టుకుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనవాణ్ణి, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఆ చనువుతో రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. చెవిలో గులిమి ఉందేమో డాక్టరు చూడాలి. ఏ శబ్దం ఎంత వినపడుతోందో చూపే పటం, ఆడియోగ్రామ్, గుంటూరులో తీయిస్తాను, కుదరకపోతే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రానికి నేనే తీసుకెళ్తాను. మిషన్లు రెండు చెవులకూ కావాలి. తలకు నూనె రాసుకునే పూట తీసి పక్కన పెట్టాలి. మన కోస్తా ఉక్కకు రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో ఉంచక తప్పదు. నీ చిన్నవాడు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటాడట, కాబట్టి బటన్ బ్యాటరీలవి వద్దు, చార్జింగువే తీసుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ పెద్దమామయ్యకు రఘు బావ అమెరికా నుంచి మిషన్లు తెచ్చిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నువ్వు ఇంజనీరింగు చదువుతున్నావు. ఐఫోను నుంచి మాట నేరుగా చెవిలోకి వచ్చే మిషన్లు 2014లో బజారులోకి వచ్చాయి. బావ తెచ్చింది ఆ రకమే. “ఇక ఫోను మీ చెవిలోనే మోగుతుంది నాన్నా” అని మురిసిపోయాడు. అన్నయ్య జేబులో ఉన్నదేమో బటన్ల ఫోను. పోనీ ఆండ్రాయిడ్ ఫోను కొందామన్నా, గూగుల్ తన సొంత పద్ధతిని ప్రకటించింది 2018లో. అంతవరకు ఆ రకం మిషన్లకూ ఫోనుకూ మధ్యలో మాట అందించే ఒక డబ్బా కావాలి. దాన్ని తాయెత్తులా మెడలో వేలాడదీసుకుని, రోజూ చార్జింగు పెట్టుకోవాలి. అన్నయ్య దాన్ని వారం తిరక్కుండానే మేకుకు తగిలించాడు.

అంతటితో అయిపోలేదు. మిషను సన్నగా, కనపడకుండా ఉండాలని టీ-కాయిల్ లేని మోడల్ ఎంచుకున్నాడు బావ. ల్యాండ్‌లైను రిసీవర్‌లోంచి మాటతో పాటు అయస్కాంత క్షేత్రం కూడా కొంత బయటికి వస్తుంది. టీ-కాయిల్ అంటే మిషనులోని చిన్న తీగచుట్ట, అది ఆ క్షేత్రాన్ని పట్టుకుంటే గదిలోని రొద లేకుండా మాట మాత్రమే వినిపిస్తుంది. గది చుట్టూ తీగ వేసి ఇదే అయస్కాంత పద్ధతిలో మాట అందించడం, జోసెఫ్ పోలియాకాఫ్ అనే ఆయన 1937లోనే బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్న పాత విద్య. అక్కడి చర్చిల్లో, టికెట్ కౌంటర్ల దగ్గర ఇప్పటికీ పనిచేస్తోంది. అన్నయ్య పాత మిషనులో టీ-కాయిల్ ఉండేది. కొత్తవి పెట్టుకున్నాక ఫోను ఎత్తడమే మానేశాడు.

అన్నిటికీ మించి, ఆ మిషన్లు అక్కడి దుకాణం వాళ్ల సొంత సరుకు, వాళ్ల సాఫ్ట్‌వేరుకు తప్ప లొంగవు. గుంటూరులో వినికిడి పరీక్షించి మిషన్లు సర్దే ఆడియాలజిస్టు కంప్యూటరుకు తగిలించి చూసి, తెరవడానికే వీల్లేదని చేతులెత్తేశాడు. పేపరు పేజీ తిప్పితే చెవిలో ఫెళఫెళ, వంటింట్లో స్టీలు పళ్లెం పడితే గుండెల్లో దడ. ఆ మోతను కాస్త తగ్గించే నాథుడు ఇక్కడ లేడు. చివరికి మిషన్లు మందుల డబ్బాలోకి చేరాయి. మీ వదిన పెళ్లిలో పురోహితుడు గోత్రం అడిగితే అన్నయ్య “భోంచేశానండీ” అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నాకు మాత్రం అక్కడున్న ప్రతివాడినీ లేపి బయటికి పంపేయాలనిపించింది. ఆ తరువాత శుభకార్యాలకు రావడం తగ్గించాడు. పెద్దాయనకు కోపమెక్కువన్నారు జనం. బావను తప్పుపట్టను, ప్రేమకొద్దీ తెచ్చాడు. కానీ ఒక్క ఫోను చేసి “నాన్న ఏ ఫోను వాడుతున్నారు?” అని నన్ను అడగలేదు.

ఫోను నుంచి మాటను తీగ లేకుండా మిషనుకు పంపే కొత్త పద్ధతి, నువ్వు చెబుతున్న బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియో, మంచిదే. 2020 జనవరిలో ప్రకటించారు, 2022కి నిబంధనలన్నీ పూర్తయ్యాయి. ఎవరి పద్ధతి వారిదిగా ఉన్నచోట అందరికీ ఒకే ప్రమాణం వచ్చింది. అందులో మాటను కుదించి పంపడానికి వాడే ఎల్‌సీ3 కోడెక్‌ను ఫ్రాన్‌హోఫర్ సంస్థతో కలిసి తయారుచేసింది మా టెలిఫోన్ల వాళ్లకు పాత పరిచయమైన ఎరిక్సన్. తక్కువ డేటాతో మాట స్పష్టంగా వస్తుంది, చిన్న బ్యాటరీకి భారం తగ్గుతుంది. అందులోనే ఉన్న ఆరాకాస్ట్ అనే ప్రసార పద్ధతి గురించి చదివినప్పుడైతే మళ్లీ ఉద్యోగంలో చేరాలనిపించింది. ఒక ట్రాన్స్‌మిటరు ప్రసారం చేస్తుంటే పరిధిలో ఉన్నవాళ్లు ఎందరైనా వినవచ్చు, కావాలంటే పాస్‌వర్డు పెట్టుకోవచ్చు.

అయితే ప్రసారం చేసేది ఒకటి ఉండాలి కదమ్మా! మీ అమ్మ వెళ్లే రామాలయంలో మైకు తప్ప ఏమీ లేదు. తన ఫోను నువ్వు కిందటిసారి వదిలి వెళ్లిన పాతది, దానికి ఈ విద్య రాదు. అందుకని ఇంట్లో ఉపయోగం చూడు. టీవీకి తగిలించే ఆరాకాస్ట్ ట్రాన్స్‌మిటరు ఒకటి తెస్తే సీరియల్ మాటలు తన చెవిలోనే వినపడతాయి, పక్కింటివాళ్లు గోడ తట్టడం మానేస్తారు. టీ-కాయిల్ కూడా ఉన్న మోడలే చూడు, ఆవిడ ఇప్పటికీ ముందు ఎత్తేది ల్యాండ్‌లైనే. “ఆ సౌకర్యం తరువాత అప్‌డేట్‌లో వస్తుంది” అని అమ్మేవాడు అంటే, వచ్చినప్పుడే కొంటామని చెప్పు. ఇక్కడి ఆడియాలజిస్టు సరిచేయగలడా, వారంటీ ఇండియాలో చెల్లుతుందా అన్నవి కాగితం మీద రాయించుకో.

ఇంకో భయం ఉంది. పొద్దున్నే రోడ్డు దాటి కూరగాయలకు వెళ్తుంది. చెవిలో ఫోను మాట వస్తున్నప్పుడు బయటి మైకు పూర్తిగా ఆగిపోయేలా పెట్టారనుకో, వెనక లారీ హారను కొట్టినా తెలియదు. రెండూ కలిసి వినపడేలా సెట్ చేయించాలి. ఇది మరిచిపోయావంటే నీతో మాట్లాడను.

వైర్‌లెస్ ఎంత గొప్పదైనా అది మోసుకొచ్చేది మాటను చెవి దాకానే. మొన్న మీ అమ్మను కప్పు తెమ్మంటే పప్పు డబ్బా తెచ్చింది. ఆ తేడా తెలియాలంటే చెవిలోకి సన్నని గొట్టం పెట్టి, లోపల శబ్దం ఎంత చేరుతోందో కొలిచి మిషను సర్దాలి. మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆ తిరుగుడు నాకు వదిలెయ్యి.

పోయిన నెల ఫోనులో “అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి!” అని అరిచావట. తల్లి మీద అరుస్తావా? అరిస్తే మాట పగిలిపోతుంది తప్ప అర్థం కాదు. వీడియోలో నీ ముఖం వెలుతురులో ఉంచుకుని నిదానంగా మాట్లాడు. చిన్నప్పుడు నిన్ను ఎక్స్ఛేంజికి తీసుకెళ్లి టెస్టింగు ఫోనులో అమ్మతో మాట్లాడించాను. గొంతు విని అమ్మ ఎక్కడుందోనని ఫోను తీగల ఫ్రేముల వెనకంతా వెతికావు. ఇప్పుడు నీ గొంతు కోసం ఆవిడ అలాగే తడుముకుంటోంది, కాస్త ఓపిక పట్టు తల్లీ.

ఈ వారంలో పరీక్ష చేయించి ఆడియోగ్రామ్ ఫొటో పంపిస్తాను. అది చూసుకుని మోడల్ పేరు నాకు చెప్పు, ఆడియాలజిస్టును అడిగి ఫోను చేస్తాను. అంతవరకు కార్డు బయటికి తీయకు.

మామయ్య