బీసీఎల్11ఏని కట్ చేస్తే మూలకణాలు ఎందుకు దెబ్బతినవు?

జీన్‌నే కట్ చేస్తారనుకోవడం వల్లే మీకు ఈ తికమక. బీసీఎల్11ఏ జీన్ రక్త మూలకణాలకీ (రక్తకణాలన్నీ పుట్టేవి) బి కణాలకీ (ఒక రకం తెల్లరక్తకణాలు) కూడా కావాలి కదా, సికిల్ సెల్ చికిత్సలో దాన్ని తీసేస్తే అవి ఎలా బతుకుతాయని అడిగారు. అసలు తీసెయ్యరు.

1. క్రిస్పర్ (డీఎన్‌ఏని కోసే కత్తెర లాంటి పద్ధతి) కోత పడేది ఆ జీన్ రెండో ఇంట్రాన్‌లో (ప్రోటీన్ సమాచారం లేని భాగం) ఉన్న ఎన్‌హాన్సర్ (జీన్ పనిని పెంచే స్విచ్ లాంటి ముక్క) మీద. ప్రోటీన్ సమాచారం ఉండే ఎగ్జాన్ల జోలికి పోదు.

2. అందరూ దాటేసేది ఇదే: ఆ ఎన్‌హాన్సర్ పని ఎర్రకణాల దారి పట్టిన కణాల్లోనే, కోత చెడగొట్టేది అక్కడ జీన్లను నడిపించే గాటా1 ప్రోటీన్ వచ్చి అతుక్కునే చోటునే. కాబట్టి మార్పు మూలకణం డీఎన్‌ఏలోనే జరిగినా దాని ఫలితం ఎర్రకణం తయారయ్యేటప్పుడే బయటపడుతుంది. మీది కోనసీమే కదా, ధవళేశ్వరంలో హెడ్ స్లూయిస్ ముట్టుకోకుండా మీ ఊరి బోదె తూము ఒక్కటి దించినట్టు.

3. అక్కడ బీసీఎల్11ఏ తగ్గితే గామా గ్లోబిన్ (ఫీటల్ హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్ గొలుసు) మీద అదుపు సడలి ఫీటల్ హిమోగ్లోబిన్ (కడుపులోని బిడ్డ రక్తంలో ఉండే రకం) పెరుగుతుంది, ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చిన కాస్‌జెవీ అనే సికిల్ సెల్ చికిత్స పద్ధతి ఇదే.

పరీక్షలో బొమ్మ వేస్తే కత్తెర గుర్తు ఇంట్రాన్ మీదే పెట్టండి, ఎగ్జాన్ మీద పెడితే మార్కులు పోయినట్టే.