ఆ నలభై మంది ఎక్కడమ్మా?

చిరంజీవి శ్రావణికి,

చనిపోయిన కొడుకును క్లోనింగుతో, అంటే వాడి కణం నుంచి అవే జన్యువులున్న పిల్లవాడిని పుట్టించి, తిరిగి తెచ్చుకోవాలనుకునే తల్లి మీద నువ్వు రాసిన కథ చదివాను. చనిపోయిన కొడుకు పుట్టువెంట్రుకల్లోంచి దాచుకున్న పాయను ఆ తల్లి డాక్టరు బల్లమీద విప్పే చోటు నన్ను కదిలించింది. ఆ వెంటనే, ‘తొమ్మిది నెలలకు బాబు పుట్టాడు’ అని రాశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. కథంతా ఆ తొమ్మిది నెలల్లో, అంతకు ముందు నడిచిన నెలల్లో ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

ముందు వెంట్రుకల సంగతి. కత్తితో గొరిగిన వెంట్రుకకు కుదురు ఉండదు. కాడలో కేంద్రకం ఉన్న కణం మిగలదు కాబట్టి అది క్లోనింగుకు పనికిరాదు. చర్మం ముక్క తీసి, కణాలు పెంచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచి ఉండాలి. అంటే పిల్లవాడు ఆసుపత్రి మంచం మీద ఉండగానో, పోయిన వెంటనేనో ఎవరో ఆ ముక్క అడిగారు. ఆ స్థితిలో తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకున్నది ఎవరు? కథ అక్కడ మొదలవ్వాలి.

ఇక అండాలు. నీ డాక్టరు ఫ్రిజ్ తెరిచి తీసుకున్నట్టు రాశావు. ఒక స్త్రీకి సుమారు పది రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు వేయాలి. స్కానింగులో చూసుకుంటూ చివరి ఇంజెక్షన్ ఇచ్చాక, దాదాపు 36 గంటలకు, మత్తులో సూది గుచ్చి అండాలు లాగుతారు. కొందరికి అండాశయాలు ఉబ్బిపోతాయి, పొట్టలో నీరు చేరుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. తీసిన అండంలోంచి దాని క్రోమోజోములను సన్నని గాజుగొట్టంతో తొలగించి, పిల్లవాడి కణాన్ని చేర్చి, విద్యుత్ తాకిడితో కలుపుతారు. చర్మకణం అప్పటిదాకా చర్మంగా బతకడానికి తన జన్యువుల్లో చాలా భాగానికి తాళాలు వేసుకుని ఉంటుంది. అండం ఆ తాళాలన్నీ కొద్ది గంటల్లో తీయాలి. సాధారణంగా తీయలేదు. అందుకే చాలా పిండాలు మొదటి వారం దాటవు. దాటినవాటిలోనూ చాలాసార్లు బిడ్డను పోషించే మాయ సరిగా ఎదగదు. పశువుల్లో కొన్నిసార్లు దూడ మితిమీరి పెరిగి తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

1996లో స్కాట్లాండులోని రోస్లిన్‌లో క్లోనింగుతో డాలీ అనే ఒక్క గొర్రెపిల్లను పుట్టించడం కోసం 277 అండాలతో ప్రయత్నించారు. 29 పిండాలు దక్కాయి. వాటిని 13 గొర్రెల్లో పెట్టారు. మన దేశంలో కృత్రిమ గర్భధారణ మీద వచ్చిన 2021 నాటి చట్టం ప్రకారం అండదాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి తీయకూడదు. 277ను ఏడుతో భాగించు. నలభై మంది స్త్రీలు కావాలి. నీ కథలో వాళ్ళెక్కడ? పిండాలు మోసే స్త్రీలెక్కడ? షాంఘైలో కోతులను క్లోన్ చేసిన పని 2018లో బయటికొచ్చింది. గర్భస్థ పిండం నుంచి తీసిన కణాలతో 21 ఆడకోతుల్లో పిండాలు పెడితే రెండు పిల్లలు బతికాయి. పెద్ద కోతి కణాలతో 42 కోతుల్లో పెడితే పుట్టినవి రెండే, ఆ రెండూ పుట్టిన కొద్ది కాలానికే పోయాయి. నీ కథలో పిల్లవాడికి ఏడేళ్ళు. వాడి కణాలు ఏ లెక్క కిందికి వస్తాయో ఆలోచించు.

ఇది ఊహ అనుకోకు. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అనే శాస్త్రవేత్త మనిషి పిండాల క్లోనింగు పరిశోధన కోసం రెండు వేలకు పైగా అండాలు సేకరించారు. కొందరికి డబ్బిచ్చారు. ఇచ్చినవారిలో ఆయన కిందే పనిచేసే యువతులూ ఉన్నారు. పై అధికారికి కావాలంటే కింది ఉద్యోగిని ‘ఇష్టం’ ఎంతవరకు ఇష్టం? చివరికి ఫలితాలే కల్పితమని తేలి, 2006లో ఆయన పరిశోధన పత్రాలను ఉపసంహరించారు. ఆ అండాలు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

ఇవన్నీ వదిలేసి చివర్లో పిల్లవాడి చేత ‘నేనెవరిని?’ అనిపించావు. మన ఆదివారం అనుబంధాలు నేర్పిన రోగం ఇది. కథకు కొసమెరుపు ఉండాలి, అంకెలుంటే పాఠకుడు పారిపోతాడు అంటారు ఆ సంపాదకులు. ఆ మాట నమ్మి ఎన్ని మంచి కథలు బోలుగా తయారయ్యాయో చూస్తూనే ఉన్నాను. ఒకే అండం నుంచి వచ్చిన కవలలు ఒకే జన్యువులతో పుట్టి ఇద్దరు మనుషులుగానే బతుకుతున్నారు. క్లోన్ అయితే ఏళ్ళు తేడాతో పుట్టిన కవల, అంతే. పైగా అండం ఇంకో స్త్రీది కాబట్టి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆవిడవి. ఆ తల్లి ఎదురుచూసినవాడు ఎలాగూ రాడు. పోయినవాడిలా ఉండమని ఆ ఇంట్లో రోజూ అడిగితే ఈ పిల్లవాడు పడే బరువు నిజమైనది, అది రాయి. కానీ రెండో స్థానంలో రాయి.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు క్లోనింగుతో మనిషిని పుట్టించడాన్ని నిషేధించాయి. కాబట్టి నీ డాక్టరు దొంగచాటుగానే చేస్తున్నాడు. దొంగచాటు పనిలో రికార్డులు ఉండవు, వికటిస్తే అడిగే దిక్కు ఉండదు. ఆ నలభై మందిలో ఒక్కరిని పట్టుకో. ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు తీసుకొచ్చారు, ఎంత చేతిలో పెట్టారు, పొట్ట ఉబ్బి అర్ధరాత్రి వేరే ఆసుపత్రికి వెళితే అక్కడ ఏమని చెప్పుకుంది? అది రాసి పంపు. పోటీకి పంపాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.