బేస్‌బాల్ కార్డులు: పెట్టెలో ఏవి, గోడమీద ఏవి?

ప్రశ్న: ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయ్యే బేస్‌బాల్ కార్డులు నా దగ్గర రెండు వేలకు పైగా ఉన్నాయి. ఏళ్లవారీగా సర్దాలా, జట్లవారీగానా, ఆటగాళ్లవారీగానా? ఎలా మొదలుపెట్టినా మధ్యలో చిక్కుపడిపోతోంది.

జవాబు: మూడూ కలిపి పట్టుకుంటే ఎవరికైనా చిక్కే. కార్డు కావాలన్నప్పుడు మీకు ముందు గుర్తొచ్చేది ఏమిటో చూసుకుని ఒక్కదానికే కట్టుబడండి. సెట్లు, అంటే ఒక కంపెనీ ఒక ఏడాది వేసిన వరస మొత్తం, పూర్తిచేసే అలవాటుంటే ఏడాది, కంపెనీ, వెనక ముద్రించిన నంబరు: ఇదే వరస. ఏ కార్డు లేదో ఖాళీయే చెప్పేస్తుంది. జట్లవారీ అంటారా, ఆటగాడు జట్టు మారినప్పుడల్లా తగువే. కార్డు మీద ఏ జట్టు పేరుంటే ఆ జట్టులోనే వేసేయండి, ఇక ఆలోచించకండి.

ఏడాది తెలియకపోతే వెనక గణాంకాల పట్టిక చూడండి. ఆఖరి సీజన్ 1986 అయితే కార్డు సాధారణంగా 1987ది. ఆ ఏడాది టాప్స్ అనే కార్డుల కంపెనీ సెట్‌లో 792 కార్డులు. అన్నిటినీ ఒకేసారి వరసలో పెట్టబోతే ఓపిక పోతుంది. ముందు వందల చొప్పున ఎనిమిది కుప్పలు పోయండి. ఒక్కో కుప్పని పదుల్లోకి విడగొట్టి, ఆ పది కార్డుల్ని చేతిలోనే సర్దుకోండి. 800 కార్డుల అట్టపెట్టెలో సెట్ మొత్తం పడుతుంది, కానీ ప్రతి కార్డుకీ స్లీవ్ (పల్చటి ప్లాస్టిక్ సంచి) తొడిగితే పట్టదు. పెట్టె సగమే నిండితే కార్డులు ఒరిగి వంగిపోతాయి, ఖాళీలో ఫోమ్ ముక్క పెట్టండి. కుక్కితే తీసేటప్పుడు అంచులు నలుగుతాయి. వేలు దూరేంత సందు ఉంచితే చాలు. రబ్బరు బ్యాండు మాత్రం ఒక్క రాత్రికి కూడా వేయొద్దు, అంచు మీద నొక్కు పడుతుంది.

ప్రశ్న: బైండర్‌లో రింగుల పక్కనున్న కార్డులకే అంచున గాటు పడుతోంది. పాత పేజీలు కొన్ని జిగురుగా అయ్యాయి. కారణం?

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. గుండ్రటి రింగుల బైండర్ మూసినప్పుడు పేజీలు రింగు వంపు మీదికి ఎక్కి, లోపలివైపు వరస నొక్కుకుపోతుంది. డి ఆకారం రింగులున్నది తీసుకోండి, పేజీలు తిన్నగా ఒకదాని మీద ఒకటి పడతాయి. జిగురుగా మారినవి పీవీసీ పేజీలు. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం కాలం గడిచేకొద్దీ బయటికి ఊరి కార్డుకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ అని, పీవీసీ లేదని, ఆమ్లరహితమని రాసి ఉన్నవే కొనండి.

తొమ్మిది పాకెట్ల పేజీలైతే 792 కార్డులకు సరిగ్గా 88 కావాలి. అన్నీ ఒకే బైండర్‌లో ఇరికించకుండా రెండుగా విడదీయండి. పాకెట్‌కు రెండేసి వీపు కలిపి పెడితే పేజీలు సగమవుతాయి గానీ, దూర్చేటప్పుడు మూలలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి, వెనక గణాంకాలూ కనిపించవు. మాకు ఆ పొదుపు నచ్చదు. ఇంకో మాట: రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవు అనే కొలతకు టాప్స్ వచ్చింది 1957లో. 1952 నుంచి 1956 దాకా వచ్చినవి అంతకంటే పెద్దవి, తొమ్మిది పాకెట్లలో దూరవు. వాటికి ఎనిమిది పాకెట్ల పేజీలు దొరుకుతాయి.

ప్రశ్న: జెర్సీ గుడ్డ ముక్క అతికించిన కార్డు టాప్‌లోడర్‌లో, అంటే పైన తెరిచి ఉండే గట్టి ప్లాస్టిక్ తొడుగులో, ఇరుక్కుపోయింది.

జవాబు: మందం చూసుకోలేదన్నమాట. కార్డుల మందాన్ని పాయింట్లలో చెబుతారు, ఒక పాయింటు అంటే అంగుళంలో వెయ్యోవంతు. మామూలు కార్డు 20కి అటూఇటూ ఉంటుంది, 35 పాయింట్ల టాప్‌లోడర్ సరిపోతుంది. గుడ్డ ముక్కలున్నవి 75, 130, ఇంకా పైకి కూడా పోతాయి. ఇరుక్కున్నదాన్ని లాగకండి. టాప్‌లోడర్ పక్క అంచుల్ని రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే మధ్యలో ఉబ్బుతుంది, అప్పుడు కిందికి వంచి జారనివ్వండి.

ఏ కార్డయినా ముందు మెత్తటి స్లీవ్‌లోకి, ఆ తర్వాతే గట్టి తొడుగులోకి. స్లీవ్ మూతి దగ్గర ఒక మూలను ఐమూలగా కాస్త కత్తిరిస్తే కార్డు మూల దానికి కొట్టుకోదు. మరీ వదులు తొడుగూ మంచిది కాదు, కార్డు లోపల జారుతూ మూలలు అరిగిపోతాయి. పైన అతికించడానికి సెల్లోటేపు వద్దు, పెయింటర్ల టేపు వేసి కొసను మడిచి ఉంచండి.

ప్రశ్న: సంతకం చేసిన కార్డుల్ని గోడకు పెట్టుకోవచ్చా? యూవీ రక్షణ ఉన్న అయస్కాంతపు కేసులు కొన్నాను.

జవాబు: పెట్టుకోండి, కానీ ఎండ తగలని గోడకు. ఆ కేసు అతినీలలోహిత కిరణాల్ని తగ్గిస్తుంది, కంటికి కనిపించే వెలుగును ఆపదు. రంగులు వెలిసిపోవడానికి ఆ వెలుగూ కారణమే, అందులోనూ మార్కర్ సిరా త్వరగా పోతుంది. కిటికీ ఎదురుగోడ, స్పాట్‌లైటు కింద చోటు రెండూ వద్దు. ఆరేడు కార్డులే బయట పెట్టి, కొన్ని నెలలకోసారి పెట్టెలోవాటితో మార్చండి. సంతకం ఎంతో విలువైనదైతే గోడకు రంగుల నకలు, అసలుది చీకట్లో.

క్రోమ్ కార్డులు (ముందువైపు లోహంలా మెరిసే పొర ఉన్నవి) విల్లులా వంగితే అది తేమ పని. ముందున్న పొర, వెనకున్న అట్ట తేమకు ఒకేలా స్పందించవు. తేమ 40, 50 శాతం మధ్య నిలకడగా ఉన్న గదిలో సరిపోయే తొడుగులో ఉంచితే నెమ్మదిగా సర్దుకుంటాయి. ఇస్త్రీ పెట్టె జోలికి పోకండి.

ప్రశ్న: పాత కార్డుల మీద మురికిని తడిగుడ్డతో తుడవొచ్చా?

జవాబు: వద్దు. అట్ట ఉబ్బుతుంది, మెరుపు పోతుంది.