బేస్‌బాల్‌లో రెండు నెలల క్లోజర్ (గేమ్ ఆఖర్లో దిగి గెలుపు నిలబెట్టే పిచ్చర్) కోసం ముగ్గురు ప్రాస్పెక్ట్‌లను (ఇంకా ఎదుగుతున్న కుర్రాళ్లను) ఇచ్చేయడం సరైనదేనా? బాగా కొడుతున్న కుర్రాణ్ని అదే రోజు ట్రిపుల్-ఏకి (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్‌కి) ఎందుకు దించారు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వైల్డ్ కార్డ్‌కి (డివిజన్, అంటే లీగ్‌లోని చిన్న గ్రూపు, గెలవకపోయినా అక్టోబర్ పోస్ట్‌సీజన్‌కి తీసుకెళ్లే స్థానానికి) రెండు గేమ్‌ల దూరంలో ఉన్న మీ టీమ్, ఈ సీజన్‌తో కాంట్రాక్ట్ అయిపోయే ఒక క్లోజర్‌నీ ఒక బెంచ్ ఔట్‌ఫీల్డర్‌నీ తెచ్చుకుని ముగ్గురు ప్రాస్పెక్ట్‌లను ఇచ్చేసింది, అది లాభమా నష్టమా అన్నది మొదటిది. అదే రోజు .280 (వెయ్యి ప్రయత్నాలకు 280 హిట్‌ల లెక్కన) కొడుతున్న కుర్ర ఔట్‌ఫీల్డర్‌ని కిందికి పంపి, .220 కొడుతున్న సీనియర్‌ని ఉంచుకోవడం ఏమిటన్నది రెండోది. నేను రెండోదానితో మొదలుపెడతాను. ప్రతి జులై ఆఖర్లో ఫ్యాన్స్ మధ్య నడిచే గొడవల్లో సగం ఈ రోస్టర్ (జట్టు జాబితా) లెక్క తెలిస్తే అక్కడికక్కడే తేలిపోతాయి.

మేజర్ లీగ్ టీమ్‌కి రెండు జాబితాలుంటాయి. ఆడటానికి సిద్ధంగా ఉండే 26 మందిది ఒకటి, వాళ్లను కలుపుకుని 40 మందిది ఇంకొకటి. 26లో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. సెప్టెంబర్ 1 నుంచి 26 కాస్తా 28 అవుతుంది, పిచ్చర్ల పరిమితి 14కి పెరుగుతుంది. కాబట్టి జులైలో ట్రేడ్‌లో (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) ఎవరు వచ్చినా, అదే పూట ఇంకొకరు కదలాలి. ఆ కదిలేది ఎవరన్నది బ్యాటింగ్ యావరేజ్‌ని బట్టి తేలదు. చేజారిపోకుండా ఎవరిని కదపగలమో చూసి తేలుస్తారు.

40 మందిలో ఉన్న ఆటగాడిని వేవర్స్‌లో (మిగతా టీమ్‌లు కావాలంటే తీసుకోగల జాబితాలో) పెట్టకుండానే మైనర్స్‌కి (కింది లీగ్‌లకి) పంపగలిగే వీలునే ఆప్షన్ అంటారు. మామూలుగా ఒక్కొక్కరికి మూడు సీజన్ల ఆప్షన్లు ఉంటాయి. ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి ఆప్షన్ మీద దించకూడదన్న నిబంధన 2022లో వచ్చింది. దించాక బ్యాటర్ అయితే కనీసం 10 రోజులు, పిచ్చర్ అయితే 15 రోజులు కిందే ఉండాలి. గాయపడినవాడి స్థానంలోకి పిలిస్తే మాత్రం ఈ గడువు వర్తించదు. ఆప్షన్లు అయిపోయినవాణ్ని దించాలంటే వేవర్స్‌లో పెట్టాల్సిందే, అక్కడ ఇంకే టీమైనా ఎగరేసుకుపోవచ్చు. ఇక ఐదేళ్ల మేజర్ లీగ్ సర్వీసు దాటినవాణ్ని అతని ఒప్పుదల లేకుండా మైనర్స్‌కి పంపనే కూడదు.

ఇప్పుడు మీ సీనియర్‌ని చూడండి. సర్వీసు ఐదేళ్లు దాటింది. అతన్ని తప్పించాలంటే డీఎఫ్ఏ ఒక్కటే దారి: 40లోంచి తీసేసి, ఏడు రోజుల్లోపు ట్రేడ్ చేయాలి, లేదా వేవర్స్‌కి పంపాలి, లేదా విడుదల చేయాలి. విడుదలైతే మిగతా జీతం పాత టీమే కట్టాలి, కొత్త టీమ్ కనీస వేతనంలో మిగిలిన రోజుల వాటా ఇస్తే సరిపోతుంది. కుర్రాడికి ఆప్షన్ ఉంది, సీనియర్‌కి లేదు. కుర్రాణ్ని దించితే ఇద్దరూ మీ దగ్గరే ఉంటారు. సీనియర్‌ని తీసేస్తే ఒక్కడే మిగులుతాడు. ఆగస్టులో ఎవరికో హ్యామ్‌స్ట్రింగ్ పట్టేస్తే ఆ రెండోవాడి విలువ అప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే డెడ్‌లైన్ (ట్రేడ్‌లకు ఆఖరి గడువు) దాటాక బయటి నుంచి మనిషిని తెచ్చుకునే దారులు దాదాపు మూసుకుపోతాయి. 2019కి ముందు ఆగస్టులో వేవర్స్ మీదుగా ట్రేడ్‌లు జరిగేవి. 2017లో పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్ డెట్రాయిట్ నుంచి హ్యూస్టన్‌కి మారింది ఆగస్టు 31 అర్ధరాత్రి గడువుకి క్షణాల ముందు. ఇప్పుడా దారి లేదు. మిగిలినవి వేవర్స్ క్లెయిమ్‌లు, విడుదలైనవాళ్లు, ఆ సీజన్‌లో అసలు 40లోకి రాని మైనర్ లీగ్ కాంట్రాక్ట్ ఆటగాళ్లు, అంతే.

40 విషయంలో ఇంకో చిక్కుంది, దీన్ని గమనించేవాళ్లు తక్కువ. మీకు వచ్చిన ఇద్దరూ 40లో ఉండాల్సినవాళ్లు. మీరిచ్చిన ముగ్గురూ ఇంకా 40లోకి రాని కుర్రాళ్లయితే ఒక్క ఖాళీ కూడా రాదు. అప్పుడు ఎవరినైనా డీఎఫ్ఏ చేయాలి, లేదంటే దీర్ఘకాలం గాయంతో ఉన్నవాణ్ని 60 రోజుల ఇంజర్డ్ లిస్ట్‌కి మార్చాలి. అక్కడికి మారితే 40లో అతని చోటు ఖాళీ అవుతుంది. ఆ 60 రోజులు మార్చిన తేదీ నుంచి కాదు, మొదట గాయం జాబితాలోకి ఎక్కిన తేదీ నుంచి లెక్క. మేలో గాయపడిన స్టార్టర్‌ని (గేమ్ మొదలుపెట్టే పిచ్చర్‌ని) జులై 31న 60 రోజులకి మార్చారని చదివి "ఇంకో రెండు నెలలు రాడట" అని బెంగపడేవాళ్లకి ఇది తెలియాలి. అతను మర్నాడే తిరిగి రావచ్చు, కాకపోతే 40లో మళ్లీ చోటు చూపించాలి.

ఇచ్చేసిన ముగ్గురి పేర్ల పక్కన వాళ్లు సంతకం చేసిన సంవత్సరం కూడా చూడండి. 18 ఏళ్లు లేదా అంతకన్నా చిన్న వయసులో సంతకం చేసినవాణ్ని ఐదు సీజన్లలోపు, 19 లేదా ఆపై వయసులో చేసినవాణ్ని నాలుగు సీజన్లలోపు 40లో చేర్చాలి, లేకపోతే డిసెంబర్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే టీమ్ తీసుకోవచ్చు. నవంబర్‌లో ఎలాగూ 40లో చోటివ్వలేని కుర్రాణ్ని జులైలో ఇచ్చేయడం వల్ల పోయేది పేపర్ మీద కనిపించినంత ఉండదు. పెద్ద పేరున్న 19 ఏళ్ల షార్ట్‌స్టాప్‌ని ఇచ్చారా, ఈ చోటు సమస్య ఉన్న 23 ఏళ్ల రిలీవర్‌ని (గేమ్ మధ్యలో దిగే పిచ్చర్‌ని) ఇచ్చారా అన్నదాన్ని బట్టి నా అభిప్రాయం పూర్తిగా మారిపోతుంది.

ఇక ట్రేడ్ సంగతి. ఐపీఎల్ చూసి బేస్‌బాల్‌కి వచ్చిన మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఐపీఎల్‌లో ఆటగాళ్ల మార్పిడి ప్రధానంగా సీజన్ల మధ్య జరుగుతుంది, హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లింది 2023 నవంబర్‌లో. పైగా మెగా వేలం వచ్చినప్పుడల్లా జట్టులో చాలామంది చెదిరిపోతారు. మేజర్ లీగ్‌లో కుర్రాడు పైకి వచ్చాక ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ టీమ్ చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస వేతనమే (2025లో 7.6 లక్షల డాలర్లు), తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్ (బేరం కుదరకపోతే మధ్యవర్తి తేల్చే) జీతం. ప్రాస్పెక్ట్‌ని ఇవ్వడమంటే ఆ ఆరేళ్లను ఇవ్వడం.

బదులుగా వచ్చేదేమిటి? రెండు నెలలంటే సీజన్‌లో మూడో వంతు. మంచి స్టార్టర్ అయినా ఆ రెండు నెలల్లో 11 సార్లు పిచ్ చేస్తాడు. ఏడాదికి ఆరు గెలుపుల విలువ చేసే స్టార్ నుంచి వచ్చేది సుమారు రెండు గెలుపులు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ తెచ్చుకున్న డాయిల్ అలెగ్జాండర్ సరిగ్గా 11 స్టార్ట్‌లు చేశాడు, 9 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు) 1.53. టైగర్స్ డివిజన్ గెలిచింది రెండు గేమ్‌ల తేడాతో. ఇంతకన్నా బాగా ఆడిన డెడ్‌లైన్ పిచ్చర్‌ని చూపించడం కష్టం. ఆ తర్వాత లీగ్ చాంపియన్‌షిప్‌లో మిన్నెసోటా చేతిలో ఓడారు. అట్లాంటాకి ఇచ్చిన 20 ఏళ్ల కుర్రాడు జాన్ స్మోల్ట్జ్ 1996లో సై యంగ్ (ఉత్తమ పిచ్చర్ అవార్డు) గెలిచి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. ఆ ట్రేడ్ తప్పని ఇప్పుడు అందరూ అంటారు. నేనైతే అంత తేలిగ్గా అనను, ఆ రెండు గేమ్‌ల తేడా అతనిదే.

క్లోజర్ లెక్క వేరు. రెండు నెలల్లో అతను వేసేది 20-25 ఇన్నింగ్స్, అంతే. రెగ్యులర్ సీజన్‌లో దాని ప్రభావం చిన్నది. అక్టోబర్‌లో మధ్యమధ్య విశ్రాంతి రోజులు ఉంటాయి కాబట్టి, అదే మనిషిని ఎక్కువసార్లు, ఎక్కువ బ్యాటర్లకు వాడుకోవచ్చు. 2016లో షికాగో కబ్స్ క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్ కోసం గ్లేబర్ టోరెస్‌తో కలిపి నలుగురిని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చింది. వరల్డ్ సిరీస్ ఐదో గేమ్‌లో చాప్‌మన్ చేత ఏకంగా ఎనిమిది ఔట్‌లు చేయించారు, ఆరులో వాడారు, ఏడులోనూ వాడారు. ఏడో గేమ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రజాయ్ డేవిస్ కొట్టిన హోమ్ రన్ ఆ అలసట ఫలితమని చాలామంది అంటారు, నేనూ అంటాను. అయినా 1908 తర్వాత కబ్స్‌కి అది మొదటి టైటిల్. సీజన్ కాగానే చాప్‌మన్ ఫ్రీ ఏజెంట్‌గా (ఏ టీమ్‌తోనైనా సంతకం చేయగలవాడిగా) యాంకీస్‌కే తిరిగి వెళ్లాడు, టోరెస్ 2019లో 38 హోమ్ రన్‌లు కొట్టాడు. కబ్స్ అప్పటికి డివిజన్‌లో బాగా ముందుంది. వాళ్లు కొనుక్కున్నది అక్టోబర్‌ని, ఆగస్టుని కాదు.

మీ టీమ్ పరిస్థితి అది కాదు. 2022 నుంచి లీగ్‌కి ఆరు టీమ్‌లు పోస్ట్‌సీజన్‌కి వెళ్తున్నాయి. ఆరో స్థానంలో దూరినా, మూడు గేమ్‌ల వైల్డ్ కార్డ్ సిరీస్ మొత్తం ఎదుటివాళ్ల మైదానంలోనే ఆడాలి. క్లోజర్ అక్కరకొచ్చే అక్టోబర్ మీకు ఖాయం కాదు, ఖాయం చేసే శక్తి ఆ 25 ఇన్నింగ్స్‌కి చాలదు. రెండు గేమ్‌ల వెనక ఉన్న టీమ్‌కి రోజూ ఆడే బ్యాటరో, ఐదు రోజులకోసారి ఆరు ఇన్నింగ్స్ వేసే స్టార్టరో కావాలి. మీ ట్రేడ్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే, ధరకన్నా ముందు కొన్న సరుకే తప్పు.

వెనకబడిన టీమ్ ఎలా కొనాలో 2021 అట్లాంటా చూపించింది. జులై 10న స్టార్ ఔట్‌ఫీల్డర్ రొనాల్డ్ అకూన్యా మోకాలి లిగమెంట్ తెగింది. డెడ్‌లైన్ నాటికి వాళ్ల ఓటములు గెలుపులకన్నా ఎక్కువే. పెద్ద ప్రాస్పెక్ట్‌ని ఒక్కణ్నీ కదపకుండా జాక్ పీడర్సన్, ఆడమ్ డువాల్, జోర్గే సోలేర్, ఎడ్డీ రొసారియోలను తెచ్చుకున్నారు. రొసారియో అప్పటికి గాయంతో ఉన్నాడు. అందుకే అతని కోసం ఇచ్చింది పాబ్లో సాండోవాల్‌ని మాత్రమే, క్లీవ్‌లాండ్ అతన్ని వెంటనే వదిలేసింది. ఆ రొసారియోనే నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లో 14 హిట్‌లతో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), సోలేర్ వరల్డ్ సిరీస్ ఎంవీపీ. 88 గెలుపులతో టైటిల్. అదృష్టం కలిసొచ్చిన మాట నిజం, కానీ అకూన్యా లేని ఔట్‌ఫీల్డ్‌ని మొత్తంగా మార్చేయడం అదృష్టం కాదు.

దీనికి పూర్తిగా ఎదురు 2023 ఏంజెల్స్. సూపర్‌స్టార్ షోహెయ్ ఒటానీ ఉన్న ఆఖరి సీజన్ కదా అని జులైలో పిచ్చర్లు లూకస్ జియోలిటో, రెనాల్డో లోపెజ్‌ల కోసం మంచి క్యాచర్ ప్రాస్పెక్ట్ ఎడ్గర్ క్వెరోనీ, కై బుష్‌నీ ఇచ్చేశారు. ఆగస్టులో టీమ్ కుప్పకూలింది, ఒటానీ మోచేతి లిగమెంట్ దెబ్బతింది. నెలాఖరుకి ఆ ఇద్దరితో కలిపి ఆరుగురిని వేవర్స్‌లో పెట్టారు, లగ్జరీ ట్యాక్స్ (మొత్తం జీతాలు హద్దు దాటితే పడే పన్ను) గీత కిందికి దిగడం కోసం. జియోలిటో, లోపెజ్, మ్యాట్ మూర్‌లను క్లీవ్‌లాండ్ పైసా బదులివ్వకుండా తీసుకుంది, మిగిలిన జీతం మాత్రం కట్టింది. ఏంజెల్స్ 73-89తో ముగించింది. రెంటల్‌లో (సీజన్‌తో కాంట్రాక్ట్ అయిపోయే ఆటగాణ్ని తెచ్చుకోవడంలో) దాగున్న ఇంకో నష్టం కూడా గుర్తుంచుకోవాలి: సీజన్ మధ్యలో చేతులు మారిన ఆటగాడికి కొత్త టీమ్ క్వాలిఫయింగ్ ఆఫర్ (నిర్ణీత జీతంతో ఒక్క ఏడాది కాంట్రాక్ట్ ప్రతిపాదన) ఇవ్వకూడదు, కాబట్టి అతను వెళ్లిపోతే పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ కూడా రాదు.

తీర్పు చెప్పడానికి తొందరపడొద్దని అనిపించేది 2022 హేడర్ ట్రేడ్. మిల్వాకీ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉండగానే తన క్లోజర్ జాష్ హేడర్‌ని సాన్ డియేగోకి ఇచ్చేసింది. బదులు వచ్చిన నలుగురిలో డినెల్సన్ లమెట్‌కి రోస్టర్‌లో చోటు లేక రోజుల్లోనే డీఎఫ్ఏ చేశారు, కొలరాడో ఎత్తుకుపోయింది. పైన చెప్పిన 26, 40 లెక్క వేసుకోకుండా ట్రేడ్ చేస్తే జరిగేది ఇదే. మిల్వాకీ 86 గెలుపుల దగ్గర ఆగి, ఒక్క గేమ్ తేడాతో పోస్ట్‌సీజన్ పోగొట్టుకుంది. కానీ ఆ నలుగురిలో ఇంకొకడు ఎస్టెరీ రూయిజ్. డిసెంబర్‌లో అతన్ని మూడు టీమ్‌ల ట్రేడ్‌లో పెట్టి క్యాచర్ విలియం కాంట్రెరాస్‌ని సంపాదించారు. ఆగస్టులో చూస్తే ఘోరం, ఏడాది తర్వాత చూస్తే పెద్ద లాభం. ఆ సెప్టెంబర్‌లో క్లబ్‌హౌస్‌లో కలిగిన నిరాశని మాత్రం కాంట్రెరాస్ తీర్చలేడు, దాన్నీ లెక్కలో వేయాలి.

డబ్బు విషయం క్లుప్తంగా: అమ్మే టీమ్ మిగతా జీతంలో ఎంత భరిస్తే అంత మంచి ప్రాస్పెక్ట్ వస్తాడు. 2023లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ మాక్స్ షెర్జర్ జీతంలో పెద్ద భాగం తానే కట్టి టెక్సస్ నుంచి లూయిసాంజెల్ అకూన్యాని తీసుకుంది. మీరిచ్చిన ముగ్గురిలో ఒకడు ఎక్కువ ఇచ్చినట్టు అనిపిస్తే, క్లోజర్ జీతం ఎవరు కడుతున్నారో వెతకండి. మీ ఓనర్ డబ్బు మిగుల్చుకోవడానికే ఆ మూడోవాడు వెళ్లి ఉండవచ్చు.

మళ్లీ మీ కుర్రాడి దగ్గరికి. .280 కొడుతున్నాడన్నది 80, 90 సార్లు బ్యాటింగ్‌కి వచ్చిన లెక్క. అన్ని తక్కువ సార్లలో స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లకు ఔటవడం) శాతాన్ని కొంతవరకు నమ్మొచ్చు, బ్యాటింగ్ యావరేజ్‌ని అస్సలు నమ్మలేం. అతని స్ట్రైకౌట్లు 30 శాతం దాటి ఉంటే దించడంలో ఆటపరమైన కారణం కూడా ఉన్నట్టే. 22 శాతం దగ్గర ఉంటే అది కేవలం ఆప్షన్ లెక్క. ఇక రోజులు గమనించండి. ఈ సీజన్‌లో కింద గడిపినవి మొత్తం 20 రోజుల లోపైతే ఆప్షన్ ఖర్చు కాదు, ఆ రోజులు మేజర్ లీగ్ సర్వీసులోనూ కలుస్తాయి. 20 నిండితే రెండూ పోతాయి. ఒక ఏడాది సర్వీసంటే 172 రోజులు. 2015లో క్రిస్ బ్రయంట్‌ని కబ్స్ ఏప్రిల్ 17న పిలవడంతో 171 దగ్గర ఆగిపోయాడు, ఫ్రీ ఏజెన్సీ ఏడాది వెనక్కి జరిగింది. గ్రీవెన్స్ (ఫిర్యాదు) వేసినా 2020లో తీర్పు కబ్స్ వైపే వచ్చింది. మీ కుర్రాణ్ని ఆగస్టు మధ్యలో పైకి పిలిస్తే టీమ్‌కి అతనితో అవసరం ఉందని అర్థం. రోస్టర్ 28కి పెరిగే సెప్టెంబర్ 1 దాకా కిందే ఉంచితే ఆప్షన్ ఒకటి కరిగిపోయినట్టే. మార్చిలో అతనికి ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకోండి, వచ్చే జులైలో దిగేది అతనో ఇంకొకరో అప్పుడే తెలిసిపోతుంది.